దబ్బనంతో పొడిచిన సంచులు

మొన్న మా మనవరాలు పింకీ సెలవులకి వచ్చి నా వంటింటి గట్టంతా ఆక్రమించేసింది. భువనేశ్వర్‌లో తోటల చదువు చదువుతోంది. ఏదో ప్రాజెక్టట. ఒకే బుట్టలోంచి తీసిన దోర టమాటాలని నాలుగు రకాలుగా పెట్టి, వాటి దరిదాపులకి నా పోపుల డబ్బా కూడా రాకూడదని ఆంక్ష విధించింది. కొన్ని పళ్ళెంలో ఊరికే ఉన్నాయి. కొన్ని కాగితం సంచిలో ఉన్నాయి. కొన్నింటిని పాలిథీన్ సంచిలో వేసి గాలి చొరకుండా మూతి అంటించేసింది. ఇంకొన్ని కూడా అలాంటి సంచిలోనే ఉన్నాయి గానీ, ఆ సంచి నిండా సన్నటి కన్నాలు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఆ నాలుగో సంచిని చూశాను. చూశాక నాకు నవ్వు ఆగలేదు. కాఫీ చీర మీద ఒలికిపోతున్నా పట్టించుకోకుండా, పిల్ల హడలిపోయేలా నవ్వాను.

"ఏటమ్మమ్మా, ఏటయింది నీకు?" అంది పింకీ.

"ఈ కన్నాల సంచి మీ కాలేజీవోలు కనిపెట్టినారేటే?"

"ఎవరో ఎప్పుడో కనిపెట్టుంటారు. మేం పరీక్ష చేసి చూస్తన్నాం అంతే."

"మా ఇంట్లో కనిపెట్టీసినాం. దబ్బనంతో," అన్నాను. గోనెసంచులు కుట్టే ఆ లావుపాటి సూది పేరు పింకీ ఎప్పుడూ వినలేదు. చేత్తో చూపించి, గాల్లో కుట్టి మరీ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కథంతా చెప్పాను. ఆ ఉత్సాహం ఇంకా తగ్గలేదు కనక మీకూ చెప్తున్నాను.

మాది బరంపురంలో ఊరగాయల ఇల్లు. మా తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోపమొస్తే రెండూను. మా అమ్మ అప్పడాలు ఒత్తేది. నాన్న వాటిని పాలిథీన్ సంచుల్లో పోసి, సంచి మూతిని రంపపు బ్లేడు మీదకి మడిచి, కొవ్వొత్తి మంట మీద అటు నుంచి ఇటు లాగి అంటించేవాడు. తర్వాత సైకిలు మీద పెట్టుకుని కొట్లకీ, కాలేజీ హాస్టళ్ళకీ వేసి వచ్చేవాడు. అసలు యజమాని మాత్రం నానమ్మ. ఆవిడ ఒత్తేదీ కాదు, కలిపేదీ కాదు, వాసన చూసేది. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా జాడీల వరస దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క వాసెన గుడ్డా విప్పి, ముక్కు లోపలికి పెట్టి, "ఇది బాగుంది", "దీనికి ఇంకా టైముంది", "దీన్ని ఎవలో తడి సేత్తో ముట్టుకున్నారు" అని తీర్పులిచ్చేది. మూడో తీర్పు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళం. భుజం మీద ఎప్పుడూ పొడిగుడ్డ, బొడ్డులో ఇంగువ పొట్లం. చేతులు కడుక్కుంటే గుడ్డతో తుడుచుకోవడం చాలక రెండు చేతులూ పైకెత్తి ఆరిందాకా అటూ ఇటూ ఊపేది. తడి చేరినా, గాలి చేరినా సరుకు పోయినట్టే అన్నది ఆ ఇంటి ధర్మశాస్త్రం. మాకు అక్షరాలకన్నా ముందు అది నేర్పారు.

అలాంటి ఇంట్లో మా సరోజత్త కారం పడని మనిషిగా పుట్టింది. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ముందు గదిలో రోళ్ళు పాతి ఉండేవి. మిరపకాయలు దంపే రోజున అక్కడ రోకలి పోటు వినిపించగానే ఆవిడ డాబా మీదకి పరిగెత్తేది. అయినా ఘాటు మెట్లెక్కి వెంట వెళ్ళేది. దగ్గు, ఆయాసం, గొంతులో పిల్లికూతలు, సాయంత్రానికి మనిషి వడిలిపోయేది. పెద్దాసుపత్రి డాక్టరు "కారం దరికి వెళ్ళకమ్మా" అన్నాడు. ఊరగాయల ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ మాట చెప్పడం తేలిక. మెట్రిక్ పాసైన మనిషి, నవ్వితే వీధి చివరికి వినపడేది. ఒడియావాళ్ళతో వాళ్ళకన్నా జోరుగా ఒడియా మాట్లాడేది. ఇన్ని తెలివితేటలున్నా ఆ ఇంటి పనిలో ఆవిడకి చోటు లేదు. ఇచ్ఛాపురంలో నానమ్మ అన్నగారు భార్య పోయి ఒంటరిగా ఉండేవారు. వండిపెట్టే దిక్కు లేదు. సరోజత్తని అక్కడికి పంపేస్తే ఆయనకి అన్నం, ఆవిడకి మంచి గాలి అని పెద్దవాళ్ళు నిశ్చయించారు. అందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కానీ ఒకరోజు అత్త పొయ్యి దగ్గర మా అమ్మతో అన్న మాట నేను విన్నాను.

"నా రోగం తగ్గాలని పంపుతున్నారా వొదినా, ఇంట్లో అడ్డు తగ్గాలని పంపుతున్నారా? ఆ ముసిలాయనకి వొండి పెట్టుకుంటూ నేనక్కడే ముసిల్దాన్నయిపోవాలేటి? నా ఊరిది. నాకూ ఓ పని కావాలి."

అమ్మ కూరలో ఉప్పు రెండోసారి వేసేసింది. ఆ కూర ఎవరూ తినలేకపోయాం గానీ, ఎందుకలా అయిందని ఎవరూ అడగలేదు.

ఆ చలికాలం చివర్లో అమ్మతో పాటు అత్తా నేనూ గిరిసోల వెళ్ళాం. మా మావయ్య, అంటే అమ్మ అన్నయ్య, అక్కడ టమాటా పండించేవాడు. నానమ్మ తరంవాళ్ళు వాటిని రామ్ములక్కాయలనేవారు, మా పక్కింటి ఒడియావాళ్ళు బిలాతి బైగొణొ అనేవారు. పేరు ఏదైనా ఆ ఏడు పంట విరగకాసింది. పొలం గట్టున ఎర్రటి కుప్ప పోసి ఉంది. దాంట్లో ఆవులు మూతి పెట్టి తింటున్నాయి. ఆ తియ్యటి పులుపు వాసన, ఆకుల పసరు వాసన కలిసి నాకు మొదట ఆకలేసింది, తర్వాత ముక్కు మూసుకున్నాను. అత్త మాత్రం కుప్ప ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయింది.

"ఏటి బావా, ఇలగ ఆవులకి పారబోస్తన్నారు?"

"మరేటి సెయ్యమంతావు? బుట్టల్లో కూరి రైలెక్కిత్తే అడుగునున్నవన్నీ బరంపురం ఎల్లేసరికి పులుసైపోతన్నాయి. బజార్లో మొకం తిప్పుకుంతన్నారు. ఎండలు ముదిరితే ఇయ్యే కాయల్ని కళ్ళకద్దుకుంతారు. అందాకా ఉంచడానికేదీ దారి?"

అత్త ఆ మాట పట్టుకుంది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఉంచాలి, ఉంచితే చాలు, పండించక్కర్లేదు, దంపక్కర్లేదు, కారమే అక్కర్లేదు అని అమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆవిడ కళ్ళు అంతలా మెరవడం నేను అంతకు ముందు చూడలేదు. నాకేమీ అర్థం కాకపోయినా ఒళ్ళంతా సంబరం పుట్టింది.

మా ఊరగాయ కొనే కాలేజీ హాస్టలు మెస్సు మేనేజరు ఒకాయన ఉండేవాడు. ఒడియా ఆయన. నానమ్మని మాఉసీ అంటే పిన్నీ అనీ, అత్తని అపా అంటే అక్కా అనీ పిలిచేవాడు. చదువుల ఏడాది చివర, ఎండలు ముదిరే వేళకి, ఆ హాస్టల్లో భోజీ, అంటే పెద్ద విందు, జరిగేది. టమాటాలు, ఖర్జూరాలు, బెల్లం వేసి ఉడికించిన ఖట్టా లేకపోతే ఇక్కడ విందు విందే కాదు. ఆ వేళకి బజార్లో మంచి కాయ దొరకక ఏటా ఆయన తల పట్టుకునేవాడు. పచ్చడి జాడీ తీసుకోవడానికి ఆయన మా ఇంటికి వచ్చిన పూట అత్త ఎదురెళ్ళి, ఈసారి భోజీకి టమాటాలు నేనిస్తానంది.

ఆయన నవ్వాడు. "అపా, నాకు పచ్చడి వద్దు. తాజా కాయ కావాలి. ఎర్రగా, గట్టిగా. ఒకటి మెత్తగున్నా బుట్ట మొత్తం వాపస్."

"వాపస్. ఠిక్ అఛి," అంది అత్త, అంటే సరేనని, తడుముకోకుండా.

ఆయన వెళ్ళాక నానమ్మ జాడీ వాసెన కట్టడం ఆపి కూతురి వైపు తిరిగింది. "రామ్ములక్కాయని నిలబెట్టాలంటే ఉప్పేసి ఎండబెట్టాలి. పచ్చిగా ఉంచుతాదంట, పచ్చిగా! సరే, నీ ముచ్చట నానెందుకు కాదనాలి. భోజీ రోజున ఆ బాబు ఒక్క బుట్టా ఎనక్కి పంపకుంటే నువ్విక్కడే ఉండు, నీ యాపారం నువ్వు సేసుకో. ఎనక్కొచ్చిందా, మా అన్నయ్య ఒచ్చి తీసుకెల్తాడు. నోరెత్తకుండా ఎల్లిపోవాల."

"ఎల్తాను," అంది అత్త. ఆవిడ గొంతులో బెరుకు లేదు.

ముందు కొన్ని కాయలతో చేసి చూద్దామనుకున్నారు. గిరిసోల నుంచి ఒక బుట్ట దోరకాయలు తెప్పించారు. ఇప్పుడు చూడండి, ఊరగాయ ఇంటివాళ్ళ బుద్ధి ఎలా ఉంటుందో. మాకు నిలవ అంటే తెలిసింది ఒక్కటే దారి. ఆవకాయ కాయలు కడిగినట్టు టమాటాలని శుభ్రంగా కడిగాం. గుడ్డల మీద పరిచి ఆరబెట్టాం. ఒక్కొక్కదాన్నీ పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచాం. సంచుల్లో నింపి, రెండు చేతులతో లోపలి గాలంతా నొక్కి తీసేశాం. నాన్న తన జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ అంటించలేదేమో, మంట మీద మూతులు లాగి లాగి, సంచిని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, ఎక్కడా గాలి పోవడం లేదని తృప్తిగా తలూపాడు. పందెంలో అవతలి పక్షమైనా నానమ్మ ఊరుకోలేక, "సేసేదేదో సరిగ్గా సెయ్యండి" అంటూ వచ్చి కూర్చుంది. ఆవిడకి కొవ్వొత్తంటే భయం, ఒకసారి చీరంచు అంటుకుంది. అందుకని తన వాటా సంచిని మిరపకాయల బస్తాలాగా దబ్బనంతో, పురికొసతో కుట్టింది. వరస వంకర పోయిందని విప్పి మళ్ళీ కుట్టింది. పక్కలు కూడా బలంగా ఉండాలని చుట్టూ కుట్టేసింది. ఆ సంచిని చూసి మేమందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. సంచులు చాలక మిగిలిన కాయల్ని బుట్టలోనే గడ్డి పరిచి వదిలేశాం.

మర్నాడు సంచుల లోపల నీటి చుక్కలు మెరుస్తున్నాయి. అత్త చప్పట్లు కొట్టింది. "సూడండి, ఎంత తాజాగున్నాయో! ఇప్పుడే సెట్టు మీంచి కోసినట్టు మంచు పట్టినాయి," అంది. నాకు కూడా అలాగే అనిపించి ఇంటి చుట్టూ ఒక పరుగు తీసి వచ్చాను. నానమ్మ మాత్రం సంచిని వెలుతురుకి పట్టి మొహం ముడిచింది. "తడెక్కణ్నుంచి వొచ్చింది? నాను తుడిసినాను గదా! ఎవలు తడి సేత్తో ముట్టుకున్నారు?" అంటూ అందరి అరచేతులూ తిప్పి చూసింది. మా నాన్నవి కూడా. ఆ నీళ్ళు కాయల్లోంచే వచ్చాయన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. జాడీలో ఆవకాయ ఎప్పుడూ చెమట పట్టదు మరి.

కొద్ది రోజులకే చుక్కలు కలిసి అడుగున మడుగు కట్టాయి. తొడిమ ఊడిన చోట బూజు మొలిచింది. నాన్న ఒక సంచిని కోశాడు. లోపలి నుంచి మురిగిన చద్దినీళ్ళ వాసన గుప్పున కొట్టింది. ఇంకోటి కోశాడు, అదీ అంతే. అన్నిట్లోకీ బాగా అంటించిందే అన్నిట్లోకీ బాగా కుళ్ళింది. బుట్టలో వదిలేసినవేమో ముడతలు పడి, అడుగువి నలిగి, ఏ కూరకీ పనికిరాకుండా ఉన్నాయి. అత్త మేడ మీద గదిలోకి వెళ్ళి పెట్టె తీసి చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి ఏడిచాను. ఆవిడ వెళ్ళిపోతే ఆ ఇంట్లో నవ్వేవాళ్ళెవరని నా ఏడుపు.

కింద నానమ్మ తన కుట్టుడు సంచిని కూడా పక్కింటి ఆవుకి వేసేద్దామని తీసింది. పురికొస తెంపి, అలవాటు కొద్దీ ముక్కు పెట్టింది. ఆగింది. మళ్ళీ పెట్టింది. ఆవిడ ఒకే సరుకుని రెండుసార్లు వాసన చూడడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు.

"సరోజా! ఒలే సరోజా! ఇలగ రా, బేగి రా!"

అందరం మెట్లు దిగి లగెత్తాం. సంచిలో టమాటాలు నిగనిగలాడుతున్నాయి. దోరగా వేసినవి ఎర్రబారాయి, నొక్కితే గట్టిగా ఉన్నాయి. ఇది తన తల్లి చేతి చలవ అని నాన్న చెంపలు వేసుకున్నాడు. నానమ్మ కూడా కాదనలేదు, తన చేతుల వైపు కాస్త గర్వంగానే చూసుకుంది. అత్త మాత్రం ఖాళీ సంచి తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళి ఎండకి పట్టింది. విప్పి కుట్టిన చోటల్లా, చుట్టూరా, సన్నటి వెలుతురు చుక్కలు కనిపించాయి.

"అమ్మా, నీ కాయలు ఊపిరి పీల్సుకున్నాయే!"

"కాయకి ఊపిరేటే? నీకేటైనా గాలి సోకిందా?"

"ఊరగాయకి లేదు. అది ఉప్పులో ఎప్పుడో సచ్చిపోయిన సరుకు, దానికి గాలి తగలకూడదు. ఇది కోసినా ఇంకా బతికే ఉంది. మనం ముక్కూ నోరూ మూసి కట్టీసినాం. అదెలగుంతాదో నాకు తెల్సు."

చివరి మాట అత్త మామూలుగానే అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నానమ్మ లోపలికి వెళ్ళి దబ్బనాల డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది.

ఆ తర్వాత రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు నిలవవు. గిరిసోలలో ఆఖరి కోత జరుగుతుంటే అత్త స్వయంగా వెళ్ళి పొలంలో నిలబడి, పచ్చదనం పోయి ఎరుపు అప్పుడప్పుడే తొంగి చూస్తున్న కాయల్ని ఏరించింది. తొడిమ పక్క కాయకి గుచ్చుకుంటోందని అక్కడికక్కడే తొడిమలు తీయించింది. బుట్టల్లో కూరకుండా అడుగున పాత ఒడియా పేపర్లు వేసిన చెక్కపెట్టెల్లో పలచగా పేర్పించింది. ఈసారి కడగలేదు, పొడిగుడ్డతో తుడిచారు అంతే. ఇంటి దగ్గర అందరి చేతుల్లో సూదులే. దబ్బనం కన్నం పెద్దదా, బొంత సూది కన్నం మేలా అని నాన్నకీ అమ్మకీ వాదన. కన్నాలు మరీ ఎక్కువైతే కాయ ముడత పడుతోంది, తక్కువైతే చెమట పడుతోంది. పొడిచి, పెట్టి, చూసి, ఇంకోలా పొడిచి, ఇలా ఇల్లంతా ఒకటే హడావిడి. అప్పడాల కోసం వచ్చినవాళ్ళ చేతికి కూడా ఒక సూది ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. అన్నిటికన్నా నాకు ముచ్చట వేసింది నానమ్మని చూసి. పొద్దున్నే జాడీలైపోయాక ఆ పెట్టెల దగ్గరికి వచ్చి, సంచి సంచికీ ముక్కు పెట్టి, "ఇందులో ఒకటి సెడ్డాది, తీసీ, పక్కోటిని కూడా పాడు సేత్తాది" అని చెప్పేది. తీసి చూస్తే ఉండేది. పందెం సంగతి ఆవిడకి గుర్తుందో లేదో నాకు తెలియలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

భోజీ రోజు రానే వచ్చింది. పొద్దున్నే సంచులు విప్పి బుట్టల్లోకి పేర్చాం. ఎర్రటి కాయల మీద ఎండ పడితే ఇల్లంతా పెళ్ళిలా ఉంది. రెండు రిక్షాలు పిలిచారు. ఒకదాంట్లో బుట్టలు, ఇంకోదాంట్లో అత్తా నేనూ. ఎక్కబోతుంటే నానమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి, "జరగండి, నానూ వొస్తాను, ఎనక్కొస్తే కళ్ళారా సూడాలి గదా" అని మా మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. దారి పొడుగునా అత్త వేళ్ళు నలుపుకుంటూనే ఉంది.

మెస్సు వెనక పెరట్లో పెద్ద పెద్ద డేక్సాలు పొయ్యిలెక్కి ఉన్నాయి. బెల్లం పాకం వాసన, తడి కట్టెల పొగ. మేనేజరు చేతులు తుడుచుకుంటూ వచ్చి బుట్టల్ని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "బఢియా!" అన్నాడు. అత్త నవ్వబోయింది. అంతలో ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి బుట్ట అడుగు నుంచి ఒకటి తీశాడు. గట్టిది. రెండో బుట్టలోనూ అంతే. మూడో బుట్ట అడుగు నుంచి తీసిన దాన్ని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది.

"అపా," అన్నాడు, బాధగానే. "మాట మాటే కదా."

నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. ఇంక అయిపోయింది, ఇచ్ఛాపురం రైలే అనుకున్నాను. అప్పుడు నానమ్మ రిక్షా దిగి గబగబా వచ్చి ఆయన చేతిలోంచి ఆ కాయని లాక్కుంది. లాక్కుని, అందరూ చూస్తుండగా, గబుక్కున నోట్లో పెట్టుకుని కొరికింది. రసం గడ్డం మీంచి రవికె మీదకి కారింది.

"మెత్తగేటి? పండింది! పండిన కాయకీ పాడైన కాయకీ తేడా తెలీదేటి బాబూ నీకు? అమృతంలాగుంది," అంటూ నమిలి మింగేసింది. తొక్క కూడా మిగల్చలేదు.

మేనేజరు పొయ్యిల దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూసేలా నవ్వాడు. "మాఉసీ తినేసింది! ఇంక నేనేది చూపించి వాపస్ పంపాలి? దించండి, దించండి!"

పింకీ ఇక్కడిదాకా విని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత తన సంచులు ముందు పెట్టుకుని నాకు పాఠం చెప్పింది. కాయ కోశాక కూడా శ్వాసిస్తుందట, నీరు వదులుతుందట, పండేకొద్దీ పక్క కాయని కూడా పండించే ఆవిరేదో వదులుతుందట. మూసేస్తే ఊపిరాడక కుళ్ళుతుంది, ఊరికే వదిలేస్తే నీరంతా పోయి వడులుతుంది, కన్నాలుంటే రెండింటికీ మధ్యన నిలబడుతుంది. ఇన్నేళ్ళకి కారణం తెలిసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. మా అత్త ఎండకి సంచి పట్టుకుని చెప్పిన మాటే కదా, పుస్తకంలో ఉంది! అత్త పోయి చాలా కాలమైంది. లేకపోతే ఆ క్షణమే పింకీని లాక్కుని ఆవిడ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆవిడ చివరిదాకా మా ఇంట్లోనే ఉండి, బరంపురం మెస్సులకీ, రంభ అనే ఊరి దాకా హోటళ్ళకీ టమాటాలు వేసింది.

ఆ రోజులే బంగారమని నేననను. అప్పుడు గిరిసోల పంటలో సగం ఆవులే తిన్నాయి, మిగతా దాంట్లో సగం రైలు పెట్టె నేల తాగేసింది. ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లలో లారీలెక్కి ఎక్కడి కాయ ఎక్కడికో నలగకుండా వెళ్తోంది. మా వీధి చివరి పెద్ద కొట్లో ట్రేల మీద సన్నటి పొర కప్పి, అన్నీ ఒకే సైజులో, కవల పిల్లల్లా కూర్చోబెట్టి అమ్ముతున్నారు. నా ఫ్రిజ్‌లో అవి ఎన్నాళ్ళైనా అలాగే ఉంటాయి, రుచి కూడా ఎన్నాళ్ళైనా రాదు. కానీ వాటిని పొద్దున్నే ఒక్కొక్కటీ వాసన చూసేవాళ్ళెవరూ లేరు. నేను కూడా చూడను. ట్రే మీద అచ్చేసిన తేదీ చూసి ఊరుకుంటాను. పింకీ ఆ మాట విని, రోజూ పొద్దున్న తన నాలుగు రకాలకీ ముక్కు పెడతానని మాటిచ్చింది. రెండు రోజులు పెట్టింది కూడా.

ఆ రోజు తిరిగి వస్తుంటే రిక్షాలో జరిగింది చెప్పి ముగిస్తాను. రిక్షా వీధి మలుపు తిరిగింది. అప్పుడు అత్త, తల్లి మొహంలోకి వంగి చూస్తూ అడిగింది.

"అమ్మా, నిజం సెప్పు. ఆ కాయ బాగుందా?"

నానమ్మ రిక్షా బయటికి వంగి గట్టిగా ఉమ్మేసింది. కొంగుతో నాలుక కూడా తుడుచుకుంది. "థూ! కుళ్ళిపోయిందే. ఊపిరి బిగబట్టి మింగినాను," అంది. మా నవ్వులకి రిక్షావాడు వెనక్కి తిరిగి చూశాడు. నవ్వుతున్న అత్తకి మధ్యలో దగ్గు వచ్చింది, ఆయాసం వచ్చింది. నానమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, అది తగ్గేదాకా నిమురుతూ కూర్చుంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"ఇంటికెల్లగానే మీ అన్నయ్యతో సెప్పు. ముందు గదిలో రోళ్ళు తవ్వీసి పెరటి సివర పాతమను. ఆ గదిలో నువ్వు కూకోవాలి గదా. కారం నీకు పడదు."